పిట్టను కాల్చడం పాపం సరే, ఆ కుక్క మాటేమిటి?

పోయిన నెల ఈ శీర్షికలో హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ను తప్పకుండా చదవమని ఒక పాఠకురాలికి రాశాను. అంతే, ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. ఎక్కువమంది అడిగింది అందులోని పిట్ట గురించి, అమాయకత్వం గురించి. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 1930ల నాటి అమెరికా, అలబామా రాష్ట్రంలో మేకంబ్ అనే ఊరు. ఊరి పేరు కల్పితమే గానీ రచయిత్రి పుట్టి పెరిగిన మన్రోవిల్ పోలికలు చాలా ఉన్నాయి. స్కౌట్ అనే ఆరేళ్ళ పిల్ల, ఆమె అన్న జెమ్, వాళ్ళ నాన్న అట్టికస్ ఫించ్. తల్లి లేదు. నాన్న లాయరు. ఒక తెల్ల అమ్మాయిని బలాత్కరించాడని టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద అబద్ధపు కేసు పెడితే అట్టికస్ అతని తరఫున వాదిస్తాడు, ఓడిపోతాడు. ఇంకోపక్క అదే వీధిలో ఏళ్ళ తరబడి గడప దాటని బూ రాడ్లీ అనే మనిషి, అతన్ని ఎలాగైనా చూడాలని పిల్లల తాపత్రయం. పుస్తకం 1960లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకుంది.

*

ప్రశ్న: మేడమ్, పాలపిట్టను ఇంగ్లీషులో బ్లూ జే అంటారని మా తాత చెప్పేవాడు. నవల్లో అట్టికస్ పిల్లలకి బ్లూ జేలను ఎన్ని కావాలంటే అన్ని కాల్చుకోమంటాడు, మాకింగ్‌బర్డ్‌ను చంపడం మాత్రం పాపం అంటాడు. దసరా రోజు మేము కనిపిస్తే చాలని ఎదురుచూసే పిట్టనా కాల్చమంటున్నాడు? అసలు మాకింగ్‌బర్డ్ అంటే కోకిలేనా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

మీ తాత చెప్పింది నిజమే, కానీ కాల్చమన్నది మన పాలపిట్టను కాదు. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడికొచ్చి పాలపిట్ట రెక్కల్లోని నీలం చూసి దానికి వాళ్ళకు తెలిసిన పేరు తగిలించారు. పక్షుల గురించి రాసేవాళ్ళు ఇప్పుడు దాన్ని ఇండియన్ రోలర్ అంటున్నారు. అమెరికాలోని బ్లూ జే పూర్తిగా వేరే పిట్ట. నీలంగా, తల మీద కుచ్చుతో చూడ్డానికి బాగుంటుంది గానీ కాకి కుటుంబానికి చెందింది, అరుపు కూడా అలాగే గోలగా ఉంటుంది. కాబట్టి జమ్మి పూజ తర్వాత మీరు వెతుక్కునే పిట్టకీ అట్టికస్ మాటకీ ఏ సంబంధమూ లేదు.

కోకిల అనుకుంటే మాత్రం నవల అర్థమే తలకిందులవుతుంది. ఎదురింటి మిస్ మాడీ స్కౌట్‌కి ఏం చెప్తుంది? ఈ పిట్ట ఎవరి తోటనూ పాడు చేయదు, గాదెల్లో గూళ్ళు పెట్టదు, మన కోసం పాడటం తప్ప ఇంకో పని చేయదు, అందుకే దాన్ని చంపడం పాపమని. కోకిల గొంతు తియ్యనిదే, కాదనను, కానీ గుడ్లు కాకి గూట్లో పెట్టి, పిల్లల్ని పెంచే పని కాకి నెత్తిన వేసి పోతుంది. ‘ఎవరి జోలికీ పోని పిట్ట’ అనే మాట దానికి అతకదు.

మాకింగ్‌బర్డ్ మన దేశంలో లేదు. దాదాపు గోరింకంత ఉంటుంది, బూడిద రంగు, ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చలు కనిపిస్తాయి. పేరులో ఉన్న ‘మాకింగ్’ని వెక్కిరించడం అనుకోవద్దు, అనుకరించడం అనుకోండి. దాని శాస్త్రీయ నామం మైమస్ పాలీగ్లాటోస్, అంటే అనేక భాషలు అనుకరించేది. పది పిట్టల పాటలు ఒకదాని వెంట ఒకటి పాడేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి, నిజం పిట్ట నవల్లో పిట్టంత సాధువు కాదు, గూటి దగ్గరికి పిల్లి వచ్చినా మనిషి వచ్చినా పైనుంచి దూసుకొచ్చి పొడుస్తుంది. నాకైతే ఆ సంగతి తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది.

*

ప్రశ్న: అమ్మా, అందరూ పిట్ట చుట్టూనే తిరుగుతారు. అదే అధ్యాయంలో పిచ్చికుక్కను కాల్చే ఘట్టం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తండ్రికి గురి బాగా కుదురుతుందని చూపించడానికి తప్ప ఆ ఘట్టానికి వేరే పని ఉందా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, భీమవరం)

మాస్టారూ, మీ ఉత్తరం చూడగానే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నన్నడిగితే ఈ నవల్లో పిట్ట కంటే కుక్కే పెద్ద జంతువు.

ఆ ఘట్టం ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఫిబ్రవరి నెల. కుక్క పేరు టిమ్ జాన్సన్, మనిషి పేరులాగే. ఊరందరికీ ముద్దు. పిచ్చికుక్క అంటే నోట నురగ కక్కుతూ గొంతు మీదికి దూకుతుందని, అదీ ఆగస్టులోనే జరుగుతుందని స్కౌట్ అనుకుంటూ ఉంటుంది. ఈ కుక్క అలా దూకదు. కాళ్ళు తడబడుతూ, నెమ్మదిగా, ఎవరి మీదా కోపం లేనట్టు వీధిలో నడిచొస్తుంది. అది గంతులేసినా తనకు ఇంత భయమేసేది కాదని స్కౌట్ అంటుంది. పనిమనిషి కాల్పూర్ణియా ఫోన్ మీద వీధి వీధంతా హెచ్చరించి, ఫోన్ లేని రాడ్లీ ఇంటికి తనే పరుగెత్తుకెళ్ళి తలుపు బాదుతుంది. షెరీఫ్ హెక్ టేట్ తుపాకీ తెచ్చి అట్టికస్ చేతిలో పెడతాడు, ఎందుకంటే గురి తప్పితే గుండు తిన్నగా రాడ్లీ ఇంట్లోకి పోతుంది. ముప్ఫై ఏళ్ళుగా తుపాకీ ముట్టని మనిషి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటాడు, అది జారిపోతే వీధిలోనే పడేస్తాడు, ఒక్క గుండుతో పని ముగిస్తాడు. దానికి ముందు ఒక వాక్యం ఉంది, చాలామంది కళ్ళు దాన్ని దాటేస్తాయి: చెట్లు కదలడం లేదు, మాకింగ్‌బర్డ్‌లు పాడటం మానేశాయి.

ఇప్పుడు పుస్తకంలో సగం ముందుకు పోండి. కోర్టు హాల్లో టామ్ తీర్పు కోసం అందరూ కూర్చున్నారు. వేసవి రాత్రి, ఉక్క. అయినా స్కౌట్‌కి ఆ ఫిబ్రవరి ఉదయం చలి మళ్ళీ ఒంటికి తగులుతుంది. మాకింగ్‌బర్డ్‌లు ఆగిపోయిన ఆ వీధే గుర్తొస్తుంది. నాన్న వీధి మధ్యకు నడిచి, తుపాకీ భుజానికెత్తి, ట్రిగ్గర్ నొక్కుతున్నట్టు అనిపిస్తుంది, అయితే ఈసారి తుపాకీలో గుండు లేదని ఆ పిల్లకి ముందే తెలుసు. ఈ వాక్యం దగ్గర నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోతాను. కుక్కకు పట్టిన జబ్బుకు మందు ఉంది, ఒక గుండు. ఊరికి పట్టిన జబ్బుకు అట్టికస్ దగ్గర ఏముంది? నల్లవాళ్ళ మాట వచ్చేసరికి నిన్నటిదాకా మంచిగా ఉన్న మనుషులకు కూడా మతి పోతుందే, దాన్ని అట్టికస్ మేకంబ్ మామూలు జబ్బు అంటాడు, నా పిల్లలకు అది అంటకుండా ఉంటే చాలంటాడు. జబ్బు అనే మాట ఊరికే వాడలేదు మాస్టారూ. కుక్క చెడ్డది కాదు, దాని తప్పేమీ లేదు, కానీ కరిస్తే ప్రాణం పోతుంది. జూరీలో కూర్చున్న పన్నెండు మంది సంగతీ దాదాపు అంతే, కాకపోతే వాళ్ళు కుక్కలు కాదు, ఆలోచించగల మనుషులు, కాబట్టి వాళ్ళను అంత తేలిగ్గా వదిలేయలేను నేను.

*

ప్రశ్న: మేడమ్, మా నోట్స్‌లో ‘మాకింగ్‌బర్డ్ అమాయకత్వానికి ప్రతీక, టామ్, బూ ఇద్దరూ మాకింగ్‌బర్డ్‌లు’ అని ఒక్క పేరాలో తేల్చేశారు. ఇంతేనా? ఇంకేమైనా రాయాలా? (ఎం.ఏ. విద్యార్థిని, అనంతపురం)

నోట్స్‌లో ఉన్నది తప్పు కాదమ్మా, సగం. మిగతా సగం మన తెలుగులోనే దొరుకుతుంది, అది చెప్తాను.

ఇంగ్లీషులో ఇన్నోసెన్స్ అనే ఒక్క మాటలో రెండు అర్థాలు ఇమిడిపోతాయి. మనకి రెండూ వేరు వేరు మాటలు. లోకం తెలియకపోవడం అమాయకత్వం. నేరం చేయకపోవడం నిర్దోషిత్వం. జైల్లో ఉన్న నిర్దోషికి లోకం మనందరికంటే బాగా తెలిసి ఉండొచ్చు. ఇంగ్లీషులో ‘టామ్ ఈజ్ ఇన్నోసెంట్’ అని రాస్తే రెండూ కలిసిపోయి అతను కూడా పిట్ట అయిపోతాడు. అదే తెలుగులో ‘టామ్ అమాయకుడు’ అని రాసి చూడు, ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా.

బూ రాడ్లీ విషయంలో పిట్ట పోలిక చక్కగా కుదిరింది. చెట్టు తొర్రలో పిల్లల కోసం అతను దాచిపెట్టినవి గుర్తు చేసుకో: చూయింగ్ గమ్, పాత నాణేలు రెండు, దారపు ఉండ, సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు, పాత మెడల్, ఆగిపోయిన జేబు గడియారం. ఎవరితోనూ మాట్లాడలేని మనిషి మాట్లాడిన మాటలవి. ఒకరోజు బూ అన్న నేథన్ ఆ తొర్రను సిమెంటుతో పూడ్చేస్తాడు, చెట్టు చచ్చిపోతోందని సాకు చెప్తాడు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా జెమ్ వరండాలోనే నిలబడతాడు. లోపలికొచ్చాక ముఖం మీద చారలు చూసి, వీడు ఏడ్చాడే, నాకెందుకు వినపడలేదు అనుకుంటుంది స్కౌట్. చివర్లో, టామ్ మీద నేరం మోపిన అమ్మాయి తండ్రి బాబ్ యూయెల్ పిల్లల్ని చంపబోతే బూ కాపాడతాడు. యూయెల్ తన కత్తి మీద తనే పడి చచ్చాడని రాసేస్తాను, ఈ సిగ్గరి మనిషిని ఊరి ముందుకు లాగడం పాపమని షెరీఫ్ పట్టుపడితే, నాన్నకు స్కౌటే సర్దిచెప్తుంది, లేకపోతే అది మాకింగ్‌బర్డ్‌ను కాల్చినట్టే కదా అని. అంటే బూకి ఆ పోలిక పెట్టింది నవల్లోని పిల్లే.

టామ్‌కి దగ్గర దగ్గరగా అలాంటి పోలిక పెట్టింది ఎవరు? పత్రిక ఎడిటర్ అండర్‌వుడ్. టామ్ చావును వేటగాళ్ళూ పిల్లలూ పాటలు పాడే పిట్టల్ని ఊరికే చంపడంతో పోలుస్తూ సంపాదకీయం రాస్తాడు. ఆయన మనసు మంచిదే. కానీ టామ్ ఏం చేశాడో చూడు. చిన్నప్పుడు పత్తి జిన్ను మరలో చిక్కుకుని ఎడమ చెయ్యి పనికి రాకుండా పోయింది. ఆ ఒంటి చేత్తోనే, దారిన పోతూ, తర్వాత తన మీద నేరం మోపిన ఆ అమ్మాయి మాయెల్లా యూయెల్ పిలిచినప్పుడల్లా కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు, కాణీ తీసుకోలేదు. ఎందుకు చేశావని సర్కారు లాయరు నిలదీస్తే, ఆమెను చూస్తే జాలేసింది అన్నాడు. అప్పుడే కోర్టు గాలి మారిపోయింది. ఒక నల్లవాడు తెల్ల అమ్మాయి మీద జాలిపడటమా! అసలు కేసు కంటే ఆ మాటే అక్కడివాళ్ళకు పెద్ద నేరంగా తోచింది.

పిట్టకు ఏమీ తెలియదు. టామ్‌కు అన్నీ తెలుసు. తప్పు చేయకపోతే ఎందుకు పరుగెత్తావని అడిగితే, నాలాంటి నల్లవాడివైతే నువ్వూ భయపడేవాడివని చెప్పగలిగినంత తెలుసు. తెలిసీ మాయెల్లాకు సాయం చేశాడు. చివరికి జైలు కంచె ఎక్కుతుంటే కాల్చారు, ఒంట్లో పదిహేడు గుండ్లు. అలాంటి మనిషిని ‘పాపం, నోరులేని పిట్ట’ అని తీసేస్తే అతని జాలీ ధైర్యమూ రెండూ మన చేతుల్లోంచి జారిపోతాయి. పైగా ఇంకో చిక్కు. పిట్ట హాని చేయదు కాబట్టి చంపకూడదు అన్నారు. మరి టామ్ కోపిష్టివాడై, నోటి దురుసుతో, ఎవరికీ సాయం చేయనివాడై ఉంటే? అప్పుడు ఆ అబద్ధపు కేసు న్యాయమైపోతుందా? 1931లో అదే అలబామాలో స్కాట్స్‌బరో కేసు నడిచింది, రైల్లో ఇద్దరు తెల్ల అమ్మాయిల్ని చెరిచారని తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళను పట్టుకుని, హడావుడి విచారణల్లో ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. ఆ కుర్రాళ్ళు సాధువులా కాదా అన్నది ఎవరికి కావాలి? వాళ్ళు ఆ పని చేయలేదు, అంతే కావాలి.

ఇదంతా పరీక్షలో రాయొచ్చా అని అడుగుతావేమో. రాయి. ముందు నోట్స్‌లోది రాసి, ఆ తర్వాత ‘బూ అమాయకుడు, టామ్ నిర్దోషి’ అని మొదలుపెట్టి నీ మాటల్లో రాయి. దిద్దేవాళ్ళు ఆగి చదువుతారు.

*

ప్రశ్న: ఫించ్ అంటే కూడా ఒక పిట్టే కదా! ఇది కావాలని పెట్టిన పేరా? (పాఠకుడు, విజయనగరం)

పిట్టే, మన పిచ్చుకంత ఉంటుంది. రచయిత్రి తల్లి పుట్టింటి పేరు కూడా ఫించే. ఇంట్లో ఉన్న పేరు నవలకూ బాగా కుదిరింది. దాని మీద అంతకంటే పెద్ద బరువు వేయను నేను.

*

ప్రశ్న: మేడమ్ గారూ, మేము డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, స్కూల్లో ఈ నవల పాఠంగా పెట్టారు. రేప్ కేసు గురించిన పుస్తకం ఈ వయసులో చదివితే దాని అమాయకత్వం పోతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. స్కూలుకి ఉత్తరం రాయనా? (ఒక తల్లి)

రాయకండి. మీరూ కొని చదవండి, ఇద్దరూ ఒకేసారి చదవండి.

మీ భయం నాకు అర్థమైంది. నేనూ ఆడపిల్ల తల్లినే. మా పాప పదమూడేళ్ళప్పుడు ఇదే పుస్తకం అడిగితే నెల రోజులు ఇవ్వకుండా తిప్పించుకున్నాను, ఈలోపు అది స్నేహితురాలి దగ్గర తీసుకుని చదివేసింది, నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మాట్లాడుకోకపోవడమే నాకు ఇప్పటికీ బాధ.

నవల్లోనే మీ ప్రశ్నకు సంబంధించిన చోటు ఉంది. స్కౌట్ ఒకరోజు రేప్ అంటే ఏమిటి నాన్నా అని అడుగుతుంది. అట్టికస్ కసురుకోడు, చట్టంలో ఉన్న నిర్వచనం తిన్నగా చెప్పేస్తాడు. అంతకుముందు ఇంకేదో మాటకి బాబాయి తప్పించుకునే జవాబు చెప్పినప్పుడు, పిల్లలు అడిగితే జవాబు చెప్పెయ్, దాన్ని పెద్ద తతంగం చేయకు, తప్పించుకుంటే వాళ్ళకు తెలిసిపోతుంది అంటాడు తమ్ముడితో.

అమాయకత్వం పోతుందా అంటే కొంత పోతుంది, అబద్ధం చెప్పను. కానీ ఏమవుతుందో జెమ్‌ని చూడండి. మొదటి అధ్యాయంలో, తాబేలు డిప్పలోంచి బయటికి రావాలంటే కింద అగ్గిపుల్ల గీస్తే సరి అంటాడు. దానికి నొప్పి పుట్టదని నీకెలా తెలుసంటే తాబేళ్ళకు నొప్పి తెలియదు అని కొట్టిపారేస్తాడు. అయితే నువ్వెప్పుడైనా తాబేలుగా ఉన్నావా అని ఎదురు ప్రశ్న వస్తుంది. రెండేళ్ళు గడుస్తాయి. టామ్ కేసు ముగుస్తుంది, తీర్పు విని జెమ్ ఏడుస్తాడు. ఆ తర్వాత ఒక రాత్రి పక్క మీద పాకుతున్న చిన్న పురుగును, మన రోకలిబండలా ముట్టుకుంటే ముడుచుకునే పురుగు, స్కౌట్ చేత్తో నలిపేయబోతుంది. జెమ్ ఆపేస్తాడు, బయట వదిలెయ్ అంటాడు. ఎందుకంటే, అది నిన్నేం చేయలేదు కదా అంటాడు. స్కౌట్‌కి అన్న వింతగా కనిపిస్తాడు, రాను రాను ఆడపిల్లలా తయారవుతున్నాడు అనుకుంటుంది. తాబేలుకి, ఈ పురుగుకి మధ్య జరిగింది ఒక్క కేసే. మీ అమ్మాయి తాబేలు దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి ఆపి, ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ మాట్లాడుకుందాం అనండి.

ఇంకో సంగతి. మాకింగ్‌బర్డ్ మీ టెక్సాస్ రాష్ట్ర పక్షి. ఈ ఉత్తరాలు రాసినవాళ్ళలో దాన్ని నిజంగా వినగలిగేది మీ ఇద్దరే. అది రాత్రుళ్ళు కూడా పాడుతుంది. ఇరవై ఎనిమిదో అధ్యాయం చదివిన రోజు పాపతో కలిసి కాసేపు ఇంటి బయట కూర్చోండి. ఆ అధ్యాయంలో పిల్లలిద్దరూ చీకట్లో రాడ్లీ ఇంటి మీదుగా పోతుంటే పైన చెట్టు మీద ఒంటరిగా ఒక మాకింగ్‌బర్డ్ పాడుతూ ఉంటుంది, తను ఎవరి చెట్టు మీద కూర్చుందో దానికి తెలియదు. ఒక పిట్ట సన్నటి కూత, తర్వాత ఇంకో రాత్రి పిట్ట ఏడుపు, ఇలా వరసగా పాడుతుంది, మధ్యలో బ్లూ జే అరుపు కూడా ఉంటుంది. ఎన్నైనా కాల్చుకోమని అట్టికస్ అన్న బ్లూ జే అరుపే. చీకట్లో గొంతు విని గురిపెట్టేవాడికి ఏది ఏ పిట్టో ఎలా తెలుస్తుందని మీ అమ్మాయిని అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి, వచ్చే నెల వేస్తాను.